విడిభాగం రాని చోట మరమ్మతు చేయడం

చీనీ తోటకు నీళ్లు పారుతుండగా సబ్‌మెర్సిబుల్ మోటారు ఆగిపోతే అనంతపురం జిల్లా రైతు కంపెనీ నుంచి కొత్త బుష్ (షాఫ్టును తన లోపల తిరగనిచ్చే లోహపు గొట్టం ముక్క) వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోడు. మోటారును బోరులోంచి పైకి తీయించి దగ్గరి పట్టణంలోని లేత్ షాపుకు తెస్తాడు. అక్కడి టర్నరు అరిగిన బుష్‌ను వెర్నియర్‌తో కొలిచి, గన్‌మెటల్ ముక్కను చక్‌లో బిగించి, చీకటి పడేలోగా కొత్త బుష్ తీసి చేతిలో పెడతాడు. సైనిక లాజిస్టిక్స్‌లో ఇప్పుడు అడ్వాన్స్‌డ్ మ్యానుఫ్యాక్చరింగ్ అనే పెద్ద పేరుతో త్రీడీ ప్రింటర్లు, కంప్యూటరు నడిపే సీఎన్‌సీ యంత్రాలు, స్కానర్లు ముందువరుస వర్క్‌షాపులకు చేరుతున్నాయి గానీ, వాటి వెనుక ఉన్న ఆలోచన మన లేత్ షాపులో ఎప్పటినుంచో ఉన్నదే. అయితే తోట దగ్గర బుష్ పోతే ఒక తడి తప్పుతుంది. సరఫరా దారి తెగిపోయి, శత్రువు డ్రోను తలపైన తిరుగుతున్న చోట తప్పుడు భాగాన్ని బిగిస్తే బండిలో కూర్చున్నవారి ప్రాణాలు పోతాయి. కాబట్టి అక్కడ భాగం చేయడం ఎంత ముఖ్యమో, ఆ భాగాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చి, రాసి, దానికే కట్టి పంపడం అంత ముఖ్యం.

ఐటీఐలో ఫిట్టరు, టర్నరు, వెల్డరు, డీజిల్ మెకానిక్ ట్రేడులు చదివి సైన్యంలోని ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్) విభాగంలో చేరాలనుకునే మన జిల్లాల యువకుల కోసం, ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక వాడల చుట్టుపక్కల రక్షణ పనులు అందుకోవాలని చూస్తున్న చిన్న వర్క్‌షాపుల వారి కోసం దీన్ని రాస్తున్నాను. 1943 అక్టోబరు 15న ఏర్పడిన ఈఎంఈకి సైనిక వాహనాలను, ఆయుధాలను, రాడార్లను, ఇతర పరికరాలను పనిచేసే స్థితిలో ఉంచడమే బాధ్యత. దాని సైనిక ఇంజనీరింగ్ కళాశాల సికింద్రాబాదులో ఉంది. అక్కడ నేర్పే చదువుకు ఇది ప్రత్యామ్నాయం కాదు. ఆ చదువుకు వెళ్లేముందు చేతికి, కంటికి అలవాటు కావలసిన క్రమం ఇది.

స్పానరు పట్టుకునే ముందు

ఆగిపోయిన వాహనం దగ్గరకు చేరగానే బోనెట్ ఎత్తడం సహజంగా వచ్చే పొరపాటు. ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. ఈ వాహనం రేపు చేయవలసిన పనికి దీనిలో ఏది తప్పనిసరిగా నడవాలి? ఈ చోట మనం ఎంతసేపు సురక్షితంగా ఉండగలం? ఆ సమయంలోపల పని పూర్తి కాకపోతే దీన్ని ఎవరు, దేనితో లాక్కుపోతారు? ఈ మూడింటికి జవాబు రాసుకున్న తర్వాతే పని మొదలుపెట్టాలి. సమయం ముందుగా నిర్ణయించుకోని బృందం ఇంజను సగం విప్పిన స్థితిలో చిక్కుకుంటుంది. సగం విప్పిన బండిని నడపలేము, సులభంగా లాగలేము కూడా. అక్కడ సాధ్యం కాని పనిని సైన్యంలో ‘బియాండ్ లోకల్ రిపేర్’ అని రాసి వెనుక ఉన్న పెద్ద వర్క్‌షాపుకు పంపుతారు. ఆ మాట రాయడానికి సిగ్గుపడకూడదు.

అన్నీ బాగుచేయకుండానే యుద్ధానికి పనికివచ్చేలా చేయడం ఎలా ఉంటుందో 1942లో జరిగిన ఒక సంఘటన చూపిస్తుంది. కోరల్ సముద్ర యుద్ధంలో బాంబు దెబ్బ తిన్న అమెరికా విమానవాహక నౌక యార్క్‌టౌన్‌ను పూర్తిగా బాగుచేయడానికి నెలలు పడుతుందని అంచనా వేశారు. అడ్మిరల్ నిమిట్జ్ మూడు రోజులే ఇచ్చాడు. పెర్ల్ హార్బర్ డాక్‌లో వెయ్యి మందికి పైగా కార్మికులు రాత్రింబవళ్లు పనిచేసి, పొట్టుకు పడిన చిల్లులను మూసి, బలహీనపడిన గోడలకు దుంగలతో ఊతమిచ్చి, విమానాలు ఎగిరి దిగడానికి కావలసినవాటిని మాత్రం సరిచేసి పంపారు. జూన్ మొదటి వారంలో జరిగిన మిడ్‌వే యుద్ధంలో ఆ నౌక చివరికి మునిగిపోయింది. కానీ మునిగేలోగా దాని విమానాలు ఆ యుద్ధపు గతిని మార్చడంలో పాలుపంచుకున్నాయి. బాయిలర్లన్నీ సరైన తర్వాతే బయలుదేరాలని పట్టుబట్టి ఉంటే ఆ నౌక యుద్ధానికే చేరేది కాదు.

కొత్త భాగం చేయాలని అనుకునే ముందు, ఆ భాగం పక్కన పడి ఉన్న మరో వాహనంలో దొరుకుతుందేమో చూడాలి. దీన్ని కానిబలైజేషన్ అంటారు. అధికారి అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, ఒకే ఒక్క వాహనాన్ని దాతగా ఎంచుకుని, దాని నుంచి ఏది తీశామో దాని పుస్తకంలోనే రాయాలి. నాలుగు వాహనాల నుంచి తలా ఒకటి తీస్తే కొండ నాలుకకు మందు వేసి ఉన్న నాలుక ఊడగొట్టుకున్నట్టు నాలుగూ మూలన పడతాయి.

ఏది చేయవచ్చు, ఏది చేయకూడదు

ఈ విషయంలో నాకు రాజీ లేదు. భాగం విరిగితే ఇబ్బంది మాత్రమే కలిగేవి మొదటి రకం: స్విచ్చు మూతలు, వైర్లను పట్టే క్లిప్పులు, మడ్‌గార్డు బ్రాకెట్లు, డస్ట్ క్యాపులు, పనిముట్ల పిడులు, డ్రిల్లింగ్ జిగ్గులు. వీటిని ప్రింటరులోనో లేత్‌పైనో ధైర్యంగా చేయవచ్చు. విరిగితే వాహనం ఆగిపోయేవి రెండో రకం: నీటి పంపు ఇంపెల్లరు, ఫ్యాన్ పుల్లీ, బుష్‌లు, స్పేసర్లు, గేర్ లివరు లింకులు. వీటిని చేయవచ్చు; అయితే కొలతలను ఇంకొకరు సరిచూడాలి, భాగం ఎన్ని గంటలకు లేదా ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో ముందే నిర్ణయించాలి. విరిగితే మనిషి చనిపోయేవి మూడో రకం: బ్రేకులు, స్టీరింగు జాయింట్లు, అధిక ఒత్తిడి భరించే హైడ్రాలిక్ భాగాలు, బరువులెత్తే హుక్కులు, ఆయుధపు భాగాలు. ఆమోదించిన డ్రాయింగు, ఆమోదించిన లోహం, పరీక్షించే సాధనం ఈ మూడూ లేకుండా ముందువరుసలో వీటిని ముట్టుకోకూడదు. ఎంత చేయి తిరిగిన టర్నరైనా, ఎంత ఒత్తిడి ఉన్నా ఈ గీత దాటకూడదు.

కొలత

భాగం చెడేది ఎక్కువగా యంత్రం దగ్గర కాదు, కొలత దగ్గర. విరిగిన లేదా అరిగిన భాగాన్ని ఉన్నది ఉన్నట్టు కొలిస్తే అరుగుదలనే మళ్లీ తయారు చేసినట్టవుతుంది. అందుకే అరగని అంచు ఎక్కడ మిగిలిందో వెతికి అక్కడ కొలవాలి; తర్వాత ఆ భాగం ఏ భాగంతో జతకడుతుందో దాన్ని కూడా కొలవాలి. షాఫ్టును మూడు చోట్ల, ప్రతిచోటా ఒకదానికొకటి అడ్డంగా రెండు దిశలలో మైక్రోమీటరుతో చూడాలి. రెండు దిశల మధ్య తేడా కనిపిస్తే షాఫ్టు కోడిగుడ్డు ఆకారంలో అరిగిందని అర్థం. అటువంటి షాఫ్టుకు కొత్త బుష్ వేసినా నిలవదు. వెర్నియరు సాధారణంగా 0.02 మి.మీ. వరకు, మైక్రోమీటరు 0.01 మి.మీ. వరకు చెబుతాయి. బేరింగు కూర్చునే చోట వెర్నియరుపై ఆధారపడకూడదు.

మన ప్రాంతపు ఎండను కొలతల్లో లెక్కలోకి తీసుకోనివారు చాలామంది ఉన్నారు. ఇంజనీరింగ్ కొలతలన్నీ 20 డిగ్రీల ఉష్ణోగ్రతను ప్రమాణంగా పెట్టుకుని రాస్తారు. మే నెలలో కర్నూలులో నీడలోనే 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. 100 మి.మీ. వ్యాసమున్న ఉక్కు ముక్క ఆ 25 డిగ్రీల తేడాకు దాదాపు 0.03 మి.మీ. పెరుగుతుంది, అల్యూమినియమైతే దానికి ఇంచుమించు రెట్టింపు పెరుగుతుంది. బేరింగు బిగుతుగా కూర్చోవడానికి, వదులుగా తిరగడానికి మధ్య ఉండే తేడా అంతే. కాబట్టి ఎండలో నిలబడిన బండి నుంచి విప్పిన భాగాన్ని, లేత్‌పైన కోత కోస్తూ వేడెక్కిన భాగాన్ని వెంటనే కొలవకూడదు. షాఫ్టు, బుష్, కొలిచే సాధనం మూడింటినీ ఒకే నీడలో, ఒకే బల్లమీద కనీసం అరగంటైనా ఉంచి, అవి ఒకే వేడికి వచ్చిన తర్వాత కొలవాలి.

థ్రెడ్ల విషయంలో కంటిని నమ్మవద్దు. మెట్రిక్ థ్రెడ్ కోణం 60 డిగ్రీలు, బ్రిటిష్ ప్రమాణమైన బీఎస్‌పీ పైపు థ్రెడ్ కోణం 55 డిగ్రీలు. వ్యాసం దగ్గరగా ఉన్నప్పుడు ఒకదానిలో ఇంకొకటి రెండు మూడు చుట్లు ఎక్కి, బిగుసుకున్నట్టే అనిపించి, ఒత్తిడి రాగానే ఊడిపోతుంది. థ్రెడ్ల మధ్య దూరాన్ని పోల్చే పళ్ల రేకు, పిచ్ గేజ్‌ను థ్రెడ్‌లో పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సందు కనిపిస్తుంది. ఇంగ్లండు, రష్యా, మన దేశం డిజైను చేసిన వాహనాలు ఒకే వరుసలో నిలబడే సైనిక వర్క్‌షాపులో ఈ ఒక్క అలవాటు ఎన్నో అనర్థాలను తప్పిస్తుంది.

త్రీడీ స్కానరు ఆకారాన్ని చక్కగా పట్టిస్తుంది. వంపులు తిరిగిన బ్రాకెట్టును చేత్తో గీసేకంటే స్కాన్ చేయడమే మేలు. మెరిసే లోహాన్ని అది సరిగా చూడలేదు కాబట్టి పైన పలుచగా టాల్కం పౌడరైనా చల్లాలి. కానీ రంధ్రాల వ్యాసాలు, వాటి మధ్య దూరాలు, బేరింగు కూర్చునే గదులు ఎప్పుడూ చేత్తో కొలిచి, స్కాన్‌లో వచ్చిన అంకెల స్థానంలో ఆ కొలతలనే పెట్టాలి.

పదార్థం, యంత్రం

ప్రింటరులో ఎక్కువగా వాడే పి.ఎల్.ఎ. ప్లాస్టిక్కు నునుపుగా, సులభంగా వస్తుంది గానీ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అద్దాలు మూసి ఎండలో నిలిపిన లారీ డ్యాష్‌బోర్డు రాయలసీమ వేసవిలో ఆ వేడిని సులభంగా దాటుతుంది. బండిలో ఉండే దేనికైనా ఎ.బి.ఎస్. లేదా ఎ.ఎస్.ఎ. వాడాలి, అవి దాదాపు 100 డిగ్రీల వరకు నిలుస్తాయి. ఎండ తగిలే భాగానికి ఎ.ఎస్.ఎ. మంచిది. రాపిడి ఉన్న చోట నైలాన్ బాగా పనిచేస్తుంది, అయితే అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వాడేముందు 70, 80 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఆరబెట్టకపోతే పొరల మధ్య బుడగలు వస్తాయి. ప్రింటరును టెంటులో పెట్టినా దాని చుట్టూ దుమ్ము చొరని పెట్టె ఉండాలి. బేతంచెర్లలో నాపరాయి కోసే చోట పనిచేసినవారికి సన్నని దుమ్ము బేరింగులను ఏం చేస్తుందో చెప్పనక్కరలేదు.

ప్రింటు చేసిన భాగం బలం అన్ని దిశల్లో ఒకేలా ఉండదు. పొరలు ఒకదానిపై ఒకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి, వాటిని విడదీసే దిశలో లాగితే త్వరగా విడిపోతుంది. భాగంపై బలం ఏ వైపు నుంచి పడుతుందో ముందుగా కాగితంపై బాణం గీసి, ఆ బలం పొరల వెంబడి పోయేలా ప్రింటరు బల్లపై పడుకోబెట్టాలి. నిలబెట్టి ప్రింటు చేసిన చిన్న వైరు హుక్కు చూడటానికి అందంగా ఉండి మొదటి లాగుకే విరుగుతుంది. పడుకోబెట్టి చేసిన హుక్కు వంగుతుందేమో గానీ అంత సులభంగా తెగదు.

లోహపు భాగాలకు ముందువరుసలో ఇప్పటికీ లేత్, మిల్లింగ్, వెల్డింగే దిక్కు. లోహపు పొడిని లేజరుతో కరిగించి భాగాలు చేసే యంత్రాలకు ఆర్గాన్ వాయువు, తర్వాత వేడి చికిత్స, బల్లనుంచి భాగాన్ని కోసి తీసే యంత్రం కావాలి. అది వెనుక ఉన్న బేస్ వర్క్‌షాపు పని. కరిగించకుండా లోహపు పొడిని ధ్వనికంటే ఎక్కువ వేగంతో కొట్టి అతికించే కోల్డ్ స్ప్రే పద్ధతి మాత్రం కంటైనరులో పట్టేంత యంత్రంగా వచ్చింది. ఆస్ట్రేలియాలో తయారైన అటువంటి యంత్రాలను 2023లో ఉక్రెయిన్‌కు అందించారు. నా దృష్టిలో మన చిన్న వర్క్‌షాపులకు ఇంతకంటే తక్షణం పనికివచ్చే దారి ఇంకొకటి ఉంది: భాగం నమూనాను ప్లాస్టిక్‌లో ప్రింటు చేసి, దాన్ని ఇసుక అచ్చులో వాడి, ఫౌండ్రీలో అల్యూమినియం లేదా పోత ఇనుము పోయించడం. చల్లారేటప్పుడు పోత ఇనుము సుమారు ఒక శాతం, అల్యూమినియం అంతకంటే కొంచెం ఎక్కువ కుదించుకుంటాయి కాబట్టి నమూనాను ఆ మేరకు పెద్దదిగా ప్రింటు చేయాలి. యంత్రంపై కోయవలసిన ముఖాలకు రెండు మూడు మి.మీ. అదనంగా వదలాలి. చెక్క నమూనా చేసే వడ్రంగి దొరకని ఈ రోజుల్లో ఇది ఎంతో సమయం ఆదా చేస్తుంది.

షాఫ్టులకు సాధారణంగా ఇ.ఎన్.8 రకం ఉక్కు, ఎక్కువ బలం కావలసినచోట ఇ.ఎన్.24, బుష్‌లకు ఫాస్ఫర్ బ్రాంజ్ లేదా గన్‌మెటల్ వాడతారు. ఏదో తెలియని కడ్డీ చేతికి వస్తే గ్రైండరుపై నిప్పురవ్వలు చూడండి. మైల్డ్ స్టీలు రవ్వలు పొడవుగా, గడ్డిపోచల్లా సాగుతాయి. కార్బన్ ఎక్కువున్న ఉక్కు రవ్వలు కొనలో పువ్వుల్లా చిట్లుతాయి. పోత ఇనుము రవ్వలు పొట్టిగా, ఎర్రగా ఉంటాయి. ఇది అంచనాకే; మూడో రకం భాగాలకు ఈ అంచనా చాలదు.

పగులును వెల్డింగ్ చేసేటప్పుడు నేరుగా దానిపై రాడ్డు నడిపితే లోపల పగులు అలాగే ఉండి ఇంకా ముందుకు పాకుతుంది. ముందు కిరోసిన్‌తో శుభ్రం చేసి, పగులు కొనలు ఎక్కడున్నాయో చూసి, రెండు కొనల దగ్గర 3 మి.మీ. రంధ్రాలు వేసి దాన్ని ఆపాలి. తర్వాత పగులు పొడవునా వి ఆకారంలో గాడి తీయాలి. ఇ.ఎన్.8 వంటి ఉక్కును 150 నుంచి 250 డిగ్రీల వరకు ముందుగా వేడిచేయాలి; 7018 రకం వెల్డింగ్ రాడ్డులను 300 డిగ్రీలకు పైన ఓవెన్‌లో ఒక గంట ఆరబెట్టాలి, తడి రాడ్డులోని హైడ్రోజను వెల్డును మర్నాడు పగలగొడుతుంది. పోత ఇనుమును నికెల్ రాడ్డుతో అంగుళం అంగుళంగా వేస్తూ, ప్రతి ముక్కనూ సుత్తితో మెల్లగా కొడుతూ పోయి, పొడి సున్నంలోనో బూడిదలోనో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి. ఇంధనపు ట్యాంకును ఆవిరితో పూర్తిగా శుభ్రం చేయకుండా ఎవరు చెప్పినా వెల్డింగ్ చేయవద్దు. పని అయ్యాక ఎర్రటి పెనెట్రంట్ ద్రవం పూసి, పది నిమిషాలకు తగ్గకుండా ఆగి, తుడిచి, తెల్లటి డెవలపరు చల్లితే మిగిలిన పగులు ఎర్రగీతగా కనిపిస్తుంది. ఆ డబ్బాలు లేకపోతే పాత పద్ధతి ఉంది: ఒకవైపు కిరోసిన్ పూసి మరోవైపు సున్నం పూస్తే, ఈ వైపు నుంచి ఆ వైపు దాకా పగులున్న చోట సున్నంపై మరక దిగుతుంది.

శత్రువు కంటపడకుండా

కర్నూలు జిల్లాలోని రక్షణ పరిశోధన సంస్థ పరీక్షా క్షేత్రంలో 2025 ఏప్రిల్‌లో 30 కిలోవాట్ల లేజరు ఆయుధంతో డ్రోన్లను కూల్చి చూపారు. డ్రోన్లను కూల్చడానికి అంత శ్రమ ఎందుకు పడుతున్నారో ముందువరుస వర్క్‌షాపులో ఉన్నవారికి బాగా తెలుసు: కదలని వాహనాలు పది ఒకచోట నిలిస్తే ఆకాశం నుంచి అది వర్క్‌షాపని చెప్పడానికి పెద్ద తెలివి అక్కరలేదు. అందుకే వర్క్‌షాపును చిన్న చిన్న ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కను దూరదూరంగా ఉంచాలి. కొలిచే బల్ల ఒకచోట, లేత్ వాహనం ఒకచోట, జనరేటరు అన్నిటికీ దూరంగా ఉండాలి, ఎందుకంటే దాని వేడి, శబ్దం ముందుగా పట్టుబడతాయి. మరుగుతెర కప్పడం అందరూ చేస్తారు. దాని దగ్గరకు వచ్చిన చక్రాల జాడలను చెరపడం చాలామంది మరుస్తారు. ఎండిన నల్లరేగడి నేలపై ఒక్క లారీ లేపే దుమ్ము చాలా దూరం కనిపిస్తుంది కాబట్టి రాకపోకలు తగ్గించి, ఒకే దారి వాడాలి. ఆర్క్ వెలుగు రాత్రిపూట మైళ్ల దూరం కనిపిస్తుంది. తప్పనిసరైతే నాలుగువైపులా, పైన కూడా మూసిన చోట, గాలి ఆడే ఏర్పాటు చేసుకుని మాత్రమే వెల్డింగ్ చేయాలి. సెల్‌ఫోన్లు అక్కడికి రాకూడదు. బాగుచేసిన బండి పక్కన దిగిన ఒక్క ఫొటో ఆ చోటు ఎక్కడుందో చెప్పేయగలదు.

విడిభాగాలు, పనిముట్లు, ఫైళ్లు అన్నీ ఒకే పెట్టెలో ఉండకూడదు. 2009 అక్టోబరు వరదల్లో కర్నూలు పట్టణం మునిగినప్పుడు కింది అంతస్తులో సరుకంతా పెట్టుకున్న దుకాణదారులు ఏం పోగొట్టుకున్నారో మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. బేరింగులు, సీళ్లు, రాడ్డులు మూడు వాహనాల్లో పంచి పెట్టాలి. భాగాల డిజైను ఫైళ్ల నకళ్లు వేర్వేరు మనుషుల దగ్గర ఉండాలి.

ఫైళ్ల భద్రతను తేలికగా తీసుకోవద్దు. 2016లో పరిశోధకులు ఒక డ్రోన్ ప్రొపెల్లరు ప్రింటింగు ఫైలులో బయటికి కనిపించని చిన్న ఖాళీలు చేర్చారు. దానితో ప్రింటు చేసిన రెక్క మామూలుగానే కనిపించింది, డ్రోను కొద్దిసేపు ఎగిరింది, తర్వాత రెక్క విరిగి కూలిపోయింది. కాబట్టి ప్రింటరుకు, సీఎన్‌సీకి అనుసంధానమైన కంప్యూటరు ఇంటర్నెట్‌కు తగలకూడదు. దొరికిన పెన్‌డ్రైవు దేనినీ పెట్టకూడదు. ఆమోదించిన ప్రతి ఫైలుకు, దానిలో ఒక్క అక్షరం మారినా మారిపోయే చెక్‌సమ్ అంకెను పుస్తకంలో చేత్తో రాసిపెట్టుకుని, ప్రింటు చేసే ముందు సరిపోల్చాలి. ప్రింటు చేసిన భాగాన్ని తూకం వేయడం కూడా మంచి అలవాటు. ఉండవలసిన బరువుకంటే తక్కువ తూగితే లోపల ఏదో తప్పు ఉంది.

రాయడం

చేసిన ప్రతి భాగానికీ ఒక పేరు, ఒక సంఖ్య ఉండాలి. పసుపు రంగు చుక్క పెట్టి, దానికి చిన్న రేకు ముక్క కట్టి, దానిపై ఏ వాహనం, ఏ భాగం, ఏ పదార్థం, ఎవరు చేశారు, ఎవరు కొలత సరిచూశారు, ఏ తేదీన బిగించారు, ఎన్ని కిలోమీటర్ల లోపు మార్చాలి అన్న వివరాలను పంచ్‌తో కొట్టాలి. అవే వివరాలను వాహనపు లాగ్‌బుక్‌లో కూడా రాయాలి. డ్రైవరుకు నోటితోనూ చెప్పాలి: ఈ పుల్లీ తాత్కాలికమని, ఇంత వేగం దాటవద్దని, శబ్దం మారితే ఆపి చూడమని. రాత్రి రెండు గంటలకు, అలసిపోయి, కదలమని ఆదేశం వచ్చిన వేళ ఈ పని వదిలేయాలనిపిస్తుంది. అప్పుడే చేయాలి, ఎందుకంటే ఆ బండి రేపు ఇంకొక వర్క్‌షాపుకు వెళ్తుంది; అక్కడివాళ్లకు ఆ పసుపు చుక్క తప్ప మరొక సాక్ష్యం ఉండదు.

అసలు భాగం సరఫరాలో వచ్చిన రోజున తాత్కాలిక భాగాన్ని విప్పి పారేయవద్దు. అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసుకుని, కడిగి, మళ్లీ అదే నీడలో అదే మైక్రోమీటరుతో కొలవండి. ఎక్కడ ఎంత అరిగింది, ఎక్కడ పగులు మొదలైంది, పొరలు ఎక్కడ విడిపోయాయి అన్నది చూసి, అవసరమైతే మధ్యకు కోసి లోపల కూడా చూడండి. ఆ అంకెలతో డ్రాయింగును సరిదిద్ది, పాత ఫైలును చెరపకుండా కొత్త సంఖ్యతో వేరుగా భద్రపరచి, కొత్త ఫైలు చెక్‌సమ్‌ను పుస్తకంలో ఎక్కించండి.